తూకం మీద ఒక గుప్పెడు

విశాఖపట్నం, కాలేజీ హాస్టలు
నవంబరు 9

సరోజినీ అత్తకి, నీ మేనకోడలు భాను దండాలు.

ఈ హాస్టల్లో ఫోన్ ముట్టుకోనివ్వరు. ఆదివారం ఆఫీసు గది ముందు వరసలో నిలబడితే, అమ్మతో "తిన్నావా", "తిన్నాను" అనుకునేసరికే మన వంతు అయిపోతుంది. అందుకే కాగితం పట్టుకున్నాను. ముందే చెప్తున్నాను, ఇక్కడికి వచ్చే ఉత్తరమైనా పోయే ఉత్తరమైనా వార్డెన్ మేడమ్ చదివాకే కదులుతుంది. ఈ వాక్యం కూడా ఆవిడ చదువుతారు. మేడమ్, మీ గురించి చెడుగా ఏమీ రాయడం లేదు.

అసలు సంగతికి వస్తాను. మా క్లాసులో ఇంటర్ తర్వాత ఏమిటని ఎవరిని అడిగినా ఇంజనీరింగ్, అందులో కంప్యూటర్ సైన్స్. నేనూ అలాగే చెప్పేదాన్ని. నిన్న ఒకాయన వచ్చి ఇంకా ఏమేం చదవొచ్చో చెప్పారు. సగం మంది కునికిపాట్లు పడుతున్నారు, వాళ్ళలో నేనూ ఉన్నాను. అప్పుడు ఆయన ఇంటర్నేషనల్ బిజినెస్ అన్నారు. బీబీఏలో అదొక కోర్సట. ఒక దేశంలో తయారైన సరుకు ఇంకో దేశం వాళ్ళ నోటికి చేరేదాకా మధ్యలో జరిగేదంతా అందులో ఉంటుందట. ఓడలు, కస్టమ్స్, కాగితాలు, ఊరూ పేరూ తెలియని మనిషితో బేరం కుదుర్చుకునే పద్ధతి, అన్నీ.

నా నిద్ర ఎగిరిపోయింది అత్తా. మన పలాస గుర్తొచ్చింది. ఆఫ్రికాలో ఓడెక్కిన జీడిపిక్కలు పలాసలో దిగుతాయి, మన ఆడవాళ్ళ చేతుల్లో పప్పుగా మారి మళ్ళీ ప్రయాణం కడతాయి. జీడిపిక్కకి ఉన్న లోకజ్ఞానం మన ఉద్దానంలో మనిషికి లేదు!

నాకు అదే చదవాలని ఉంది. ఈ ఊళ్ళోనే ఒక కాలేజీలో ఉంది, ఇంటర్వ్యూ పెట్టి సీటు ఇస్తారు. నాన్నకి చెప్పే ధైర్యం నాకు లేదు. ఆయన్ని కూర్చోబెట్టి తిట్టగలిగిన మనిషివి నువ్వొక్కదానివే. కాస్త చెవిన వెయ్యవా?

నీ భాను


సుమ్మాదేవి
నవంబరు 20

మా భానుకి, భాను కంటే ముందు ఇది చదువుతున్న వార్డెన్ గారికి,

ఇద్దరికీ అత్త ఆశీస్సులు. వార్డెన్ గారు నాకంటే పెద్దవారైతే ఆవిడ వాటా నమస్కారంగా మార్చుకోమను.

మీ నాన్న చెవిన వేశాను. ఆ చెవికి తలుపు లేదు, గోడే ఉంది. నేను వెళ్ళేసరికి అన్నయ్య కళ్ళంలో కొబ్బరికాయలు లెక్కపెట్టి పలాస వ్యాపారి ఆటోలోకి ఎక్కిస్తున్నాడు. లెక్క అయిపోయాక, అలవాటు ప్రకారం రెండు చేతులా మరికొన్ని కాయలు తీసి కొసరుగా విసిరాడు. వ్యాపారి అడగలేదు, ఈయన ఆగలేదు. అది చూస్తూనే నీ మాట ఎత్తాను.

"యాపారానికి సదువేటే సరోజీ?" అన్నాడు. "మా తాత సదివేడా, మా అయ్య సదివేడా? సెయ్యి పెద్దదుంటే సాలు. తూకం అయినాక మీద గుప్పెడెయ్యి, కొన్నోడు మల్లీ మన గుమ్మంలోకే వత్తాడు. ఈ ముక్క నేర్సుకోడానికి మూడేళ్ళు కాలేజీయేటి? మన బాను గుంట కంప్యూటర్లు సదువుతాది, అంతే."

నేను ఇంకా ఏదో అనబోతే కొబ్బరికాయ ఒకటి నా చేతిలో పెట్టి పచ్చడి చేసుకోమన్నాడు. తను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు అనే మనిషి. కానీ ఒకటి గమనించాను. వద్దని అరవలేదు. వ్యాపారానికి చదువెందుకని ఆశ్చర్యపోయాడు, అంతే. ఆశ్చర్యపోయిన మనిషిని మార్చవచ్చు, కాస్త ఓపిక పట్టు.

ఇప్పుడు నా సంగతి విను. పోయిన నెల విశాఖలో మా మహిళా సంఘం తరఫున జీడిపప్పు స్టాలు పెట్టాను కదా, అక్కడ ఒకావిడ పప్పు నోట్లో వేసుకుని చాలాసేపు కదలకుండా నిలబడింది. మారిషస్‌లో మిఠాయి దుకాణమట. మొన్న ఆర్డరు పంపింది. చిన్న ఆర్డరే, రుచి చూడ్డానికి. నచ్చితే ఏడాది పొడవునా మన దగ్గరే కొంటుందట. ఇన్నాళ్ళూ పలాస ఫ్యాక్టరీలకి కూలికి పిక్కలు కొట్టిన ధనమ్మ, "మన పేరుతోనేటి? డబ్బా మీద మన పేరే?" అని నన్ను నాలుగుసార్లు అడిగింది. నాలుగుసార్లూ అవునన్నాను. ఐదోసారి కూడా అడిగితే బాగుండుననిపించింది.

నీ అత్త


విశాఖపట్నం
జనవరి 6

అత్తా,

మారిషస్! నేను లైబ్రరీకి వెళ్ళి అట్లాసులో చూశాను. చుక్కంత ఉంది. ఆ చుక్కలో ధనమ్మవ్వ ఒలిచిన పప్పు!

నేనొక పని చేశాను, కోప్పడకు. ఆ కోర్సుకి దరఖాస్తు పెట్టేశాను. ఎలాగంటావా? వార్డెన్ మేడమ్ నన్ను గదికి పిలిచారు. ఏదో తప్పు చేశాననుకుంటూ వెళ్ళాను. నీ ఉత్తరం చేతిలో పట్టుకుని, "మీ నాన్నగారు ఒప్పుకున్నారా?" అని అడిగారు. లేదన్నాను. "గడువు ఆయన కోసం ఆగదు కదా" అని తన కంప్యూటర్ ఇటు తిప్పారు. నాన్నకి ఇప్పుడే చెప్పకు. ఇంజనీరింగ్ పరీక్ష కూడా రాస్తాను, మంచి రాంకే తెచ్చుకుంటాను. చేతకాక ఇటు వచ్చానని ఎవరూ అనకూడదు.

మేడమ్ నాకు ఎగుమతుల గురించి ఒక పాత పుస్తకం ఇచ్చారు. లెక్కలు చేసి అలసిపోయినప్పుడు అది చదువుతున్నాను. అందులో ఒక మాట నీకు చెప్పాలి. కాగితంలో ఏది ఎంత అని రాశామో, పెట్టెలో అదే, అంతే ఉండాలి. తగ్గినా తప్పే, పెరిగినా తప్పే. మీ వాళ్ళందరికీ చెప్పు.

భాను


సుమ్మాదేవి
ఫిబ్రవరి 11

అట్లాసు పండితురాలికి,

నాకే పాఠాలా? పెరిగినా తప్పేనని మా సంఘంలో అందరికీ చెప్పాను. తూకం నేనే దగ్గరుండి చూశాను. విరగని గుళ్ళు వేరు, విరిగిన బద్దలు వేరు, సంచీలు గాలి తీసి మూతలు వేశాం. ముక్కు మీద వేలేసుకునేంత శుభ్రంగా చేశాం.

నిన్న పెట్టెలు బయల్దేరాయి. మీ నాన్నే తన ఆటోలో పలాస ట్రాన్స్‌పోర్టుకి తీసుకెళ్ళాడు. వ్యాపారానికి చదువెందుకని అన్నాడు గానీ, చెల్లెలి సరుకు సముద్రం దాటుతోందని పొద్దున్నే కొత్త తువ్వాలు వేసుకుని వచ్చాడు. "మీరందరూ ఎల్లి టీ తాగండొలే, పెట్టెలకి టేపు నానేస్తాను" అని మమ్మల్ని తరిమాడు. మేం తిరిగొచ్చేసరికి అన్నింటికీ టేపు వేసి, చేతులు దులుపుకుంటూ చుట్ట కాలుస్తున్నాడు. ధనమ్మ ఒక్కో పెట్టెకీ బొట్టు పెట్టింది. ఆటో కదులుతుంటే అందరం చప్పట్లు కొట్టాం. మా షెడ్డు పక్కనే ఉన్న స్టేషన్లో పాసింజరు కోసం నిలబడ్డవాళ్ళు కూడా ఎందుకో తెలియకుండానే కొట్టారు.

ఇల్లు అలకగానే పండగ కాదంటారు. ఈ ఒక్క రోజుకి పండగనే అనుకుంటాను, ఏమీ అనకు.

అత్త


సుమ్మాదేవి
మార్చి 14

భానుకి,

మేమంతా క్షేమం. పరీక్షలు బాగా రాయి. వేళకి తిను. పెట్టెల సంగతి తర్వాత రాస్తాను.

అత్త


విశాఖపట్నం
మార్చి 22

అత్తా,

నీ ఉత్తరంలో ఒక్క వెటకారం లేదు. నాన్న ఊసు లేదు, ధనమ్మవ్వ ఊసు లేదు, చివరికి వార్డెన్ మేడమ్‌ని కూడా పలకరించలేదు. మేడమ్ స్వయంగా తెచ్చిచ్చి, "మీ అత్తగారికి ఒంట్లో బాగోలేదా?" అని అడిగారు. పరీక్షలు అయిపోయాయి, బాగా రాశాను. ఇంజనీరింగ్ కోచింగ్ కోసం ఇంకా ఇక్కడే ఉన్నాను. ఇంక దాచడానికి నీకు సాకు లేదు. ఏం జరిగింది?

భాను


సుమ్మాదేవి
మార్చి 29

భానూ,

చెప్తాను. పెట్టెలు ఓడ ఎక్కలేదు.

విశాఖలో మన సరుకు చూసే ఏజెంటు కామేశ్ ఫోన్ చేశాడు. పోర్టు గోడౌన్లో తూకం వేస్తే ప్రతి పెట్టె కాగితంలో రాసిన దానికంటే ఎక్కువ తూగిందట. విప్పి చూస్తే మన సంచీల పైన పాత న్యూస్‌పేపర్లో చుట్టి, దారం కట్టిన పొట్లాలు. ఒక్కో పెట్టెలో ఒక్కోటి. కాగితాల్లో లేని పొట్లం దొరికితే ఊరుకుంటారా? అన్నింటినీ పక్కన పెట్టేశారు. "మేడమ్, ఈ పొట్లాల్లో ఏం పెట్టారు? ఎందుకు పెట్టారు?" అని అతను అడిగాడు.

రాత్రికి అందరం షెడ్డులో చేరాం. ఎవరు చేశారే అని నేను అడగ్గానే, గుమ్మం దగ్గర కూర్చున్న మీ నాన్న లేచి నిలబడ్డాడు.

"నానే పెట్టేను" అన్నాడు. "ఎవరో పరాయి దేశం మనిసి, మొదటి బేరం. కొసరెయ్యకుండా ఎలా పంపుతామే? మన సరుకు ఒట్టి తూకంతో ఎప్పుడైనా గడప దాటినాదా? మా ఇంట్లో పప్పే తెచ్చి పెట్టేను, మీ దాంట్లోంచి గింజ ముట్టుకోనేదు."

అంత కోపంలోనూ ఆయన్ని తిట్టడానికి ఎవరికీ మనసు రాలేదు. ధనమ్మ పైట చెంగు నోట్లో కుక్కుకుని బయటికి వెళ్ళిపోయింది. డబ్బా మీద పేరు చూసుకుని మురిసిన మనిషి.

నీకు రాయనిది ఇంకోటి ఉంది. నీ దరఖాస్తు సంగతి మీ నాన్నకి చెప్పేశాను. కొసరు వెయ్యడమే వ్యాపారమనుకునే మనిషికి, చూశావా చదువెందుకో అని బుద్ధి చెప్దామనుకున్నాను. తిరగబడింది. "ఈ పరాయి యాపారాలు మనకొద్దే. ఆటి రూల్సు మన సేతులకి అబ్బవు. నా వల్ల మీ అందరి నోటికాడ కూడు పోనాది, రేపు బాను కూడా ఇలాగే నలుగురిలో తలొంచుకోవాలా? ఇంజనీరింగే సదవమను" అన్నాడు. ఇంతకుముందు వ్యాపారానికి చదువు అక్కర్లేదనే కదా అన్నాడు. ఇప్పుడు భయపడుతున్నాడు. భయాన్ని ఎలా మార్చాలో నాకు తెలియదు తల్లీ.

పెట్టెలు వెనక్కి తెచ్చేసుకోమని అందరూ అంటున్నారు.

అత్త


విశాఖపట్నం
ఏప్రిల్ 3

అత్తా,

పెట్టెలు వెనక్కి తేవద్దు. దండం పెడతాను, తేవద్దు.

మేడమ్ ఫోన్ నుంచి కామేశ్ గారితో మాట్లాడాను. పొట్లాలు తీసేసి, అధికారుల ముందు మళ్ళీ తూకం వేయించి, ఎందుకిలా జరిగిందో రాసిస్తే సరుకు కదులుతుందట. దొంగతనం వేరు, తెలియనితనం వేరు, తేడా వాళ్ళకీ తెలుసు అన్నారు. అది రాసివ్వాల్సింది మనమే. ఇంగ్లీషులో రాసి ఇందులో పెట్టాను. ఇంకోటి మారిషస్ ఆవిడకి. ఆవిడ దగ్గర ఏమీ దాచలేదు. మా ప్రాంతంలో తూకం అయ్యాక ఒక గుప్పెడు వేస్తాం, అది లెక్క తప్పడం కాదు, మళ్ళీ రమ్మని పిలవడం, ఆ గుప్పెడు వల్లే మీ సరుకు ఆలస్యమైంది, క్షమించండి అని రాశాను. ఈ ముక్క రాస్తుంటే నాన్న చేతులు గుర్తొచ్చి ఏడుపొచ్చింది. ఆ చేతుల్ని ఎవరూ తప్పు పట్టకూడదు.

పొట్లాలు తీయడానికి నాన్ననే తీసుకురా. నువ్వు తీస్తే ఆయన తప్పు అలాగే ఉండిపోతుంది. ఆయన తీస్తే సరిదిద్దినట్టు అవుతుంది.

మరో సంగతి. నా ఇంటర్వ్యూ ఏప్రిల్ పన్నెండున. నాన్న వచ్చి సంతకం పెడితేగానీ హాస్టలు గేటు దాటనివ్వరు. మేడమ్ మనసు ఎంత మంచిదైనా రూలు రూలే. అదే రోజున రండి. ఆయన సంతకం పెడతారో లేదో నాకు తెలియదు. కానీ నన్ను ఎదురుగా చూసి వద్దనమను. అప్పుడు వింటాను.

భాను


విశాఖపట్నం
ఏప్రిల్ 13

అత్తా,

నిన్న సాయంత్రం మీరు రైలెక్కాక హాస్టలుకి వచ్చి నిద్రపోలేదు. లోపల ఏం జరిగిందో నీకు సరిగ్గా చెప్పనే లేదు. నాన్న పక్కన ఉన్నారని సగంలోనే ఆపేశాను.

గేటు దగ్గర నాన్న ఆ రిజిస్టరు ముందు ఎంతసేపు నిలబడ్డారో చూశావుగా. నా వైపు చూశారు. "ఇంటర్యూకే. సీటు సంగతి మల్లీ మాటాడుకుందాం" అని సంతకం పెట్టారు. ఆ మాత్రం చాలనుకున్నాను.

లోపల ముగ్గురు కూర్చున్నారు. ఇంటర్నేషనల్ బిజినెస్ ఎందుకని అడిగారు. బట్టీ పట్టిన జవాబు ఒకటి ఉంది, నోటిదాకా వచ్చి ఆగిపోయింది. దాని బదులు పొట్లాల సంగతి చెప్పాను. వాళ్ళలో పెద్దాయన నవ్వడం మొదలుపెట్టారు. నాకు ఒళ్ళు మండి, "నవ్వకండి సార్, మా ఊళ్ళో అది మర్యాద" అన్నాను. ఆయన నవ్వు ఆపి, "అయితే రూలు గొప్పదా, మర్యాద గొప్పదా?" అని అడిగారు.

"రూలు తెలిస్తే మర్యాదని కూడా ఓడ ఎక్కించవచ్చు సార్. విడిగా చిన్న సంచీలో సీలు వేసి, ఉచితమని కాగితంలో రాస్తే కొసరు కూడా దర్జాగా వెళ్తుంది. అది ఎలాగో నేర్చుకోవడానికే వచ్చాను" అన్నాను.

ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇక వెళ్ళొచ్చన్నారు. దాని అర్థం ఏమిటో నాకు తెలియదు.

భాను


సుమ్మాదేవి
మే 2

గేటు దాటిన మా భానుకి,

లోపలిది నువ్వు చెప్పావు, బయటిది నేను చెప్తాను. నీతో చెప్పొద్దని మీ నాన్న ఒట్టు వేయించుకున్నాడు. ఉత్తరంలో రాయొద్దని మాత్రం అనలేదు.

పొద్దున్న గోడౌన్లో ఆయన ఒక్కో పెట్టె దగ్గరా వంగి, తను కట్టిన పొట్లం తనే తీశాడు. అధికారి, చిన్న వయసు ఆడపిల్ల, నీ కాగితం చదివి, "ఇది రాసింది ఎవరండీ?" అని అడిగింది. "మా గుంట" అన్నాడు. "బాగా రాసింది" అంది. మీ నాన్న మెడ కాస్త లేచింది. నేను చూశాను. తూకం మళ్ళీ వేశారు, కాగితానికి సరిపోయింది, సంతకాలు అయ్యాయి. తీసిన పొట్లాలన్నీ సంచీలో వేసుకుని భుజాన తగిలించుకున్నాడు.

ఆ తర్వాత నువ్వు ఇంటర్వ్యూ గదిలోకి వెళ్ళావు. బయట వరండాలో తల్లిదండ్రులు బిగుసుకుపోయి కూర్చున్నారు. ఈయన సంచీలోంచి ఒక పొట్లం తీసి పక్కాయన చేతిలో పెట్టాడు. "పలాస పప్పండి, తినండి. మీ పిల్లోడేటి సదువుతాడు?" అన్నాడు. అలా మొదలై వరండా చివరిదాకా పంచాడు. ఒకావిడ తింటూ, "మీ అమ్మాయి ఏ కోర్సండీ?" అని అడిగింది.

అందరికీ వినిపించేలా, "ఇంటర్నేషనల్ బిజినెస్సండి!" అన్నాడు. "ఓడలూ కాయితాలూ అన్నీ అదే సూసుకుంతాదండి. గోడౌన్లో ఆగిపోయిన మా సరుకు దాని కాయితంతోనే కదిలినాది, ఇయాల పొద్దున్నే."

భానూ, నువ్వింకా లోపలే ఉన్నావు. సీటు వస్తుందో లేదో ఎవరికీ తెలియదు. ఈయన మాత్రం నిన్ను చేర్పించేశాడు. నేను గోడ వైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాను.

ఇక పెట్టెలు. మారిషస్ చేరాయి! ఆవిడ జవాబు నిన్న వచ్చింది. ఏడాది పొడవునా పంపమంది. అంతే కాదు, ఆ గుప్పెడు కూడా కావాలట, కానీ నువ్వు ఇంటర్వ్యూలో చెప్పినట్టే సీలు వేసి, కాగితంలో చూపించి. తన దుకాణంలో కొనేవాళ్ళకి ఇచ్చుకుంటుందట. చదివి వినిపిస్తుంటే షెడ్డు దద్దరిల్లింది. చిన్న సంచీ మీద ఏం అచ్చు వెయ్యాలని అడిగాను. "కొసరు అనే రాయించొలే, తెలుగులోనే" అంది ధనమ్మ. ఆ మాట నోట్లోంచి రాగానే ఊరంతా తిరిగి చెప్పేసింది. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు కదా.

అత్త


విశాఖపట్నం, కొత్త హాస్టలు
జులై 19

అత్తా,

ఇక్కడ ఫోన్ ఉంది, అయినా నీకు ఉత్తరమే. ఇంజనీరింగ్ రాంకు బాగా వచ్చినా దాన్ని వదిలి ఇటు వచ్చానంటే క్లాసులో అందరూ వింతగా చూశారు. ఈ రోజు ఎగుమతి పత్రాల మీద మొదటి పాఠం. ఇంటర్వ్యూలో నవ్విన పెద్దాయనే సార్. క్లాసులోకి వస్తూనే, "కొసరు అమ్మాయి వచ్చిందా?" అన్నారు. వచ్చాను సార్ అని లేచి నిలబడ్డాను. ఎంత గర్వంగా ఉందో చెప్పలేను.

పాత వార్డెన్ మేడమ్‌ని కలిశాను. నీ ఉత్తరాలు లేక హాస్టలు చప్పగా ఉందట. వీలుంటే ఆవిడకీ ఒకటి రాయి.

భాను


సుమ్మాదేవి
జులై 30

మా ఎగుమతుల అమ్మాయికి,

రెండో సరుకు నిన్న బయల్దేరింది. పెద్ద సంచీలు, వాటి పక్కన చిన్న సంచీలు, రెండూ కాగితంలో ఉన్నాయి. ఈసారి పెట్టెలకి టేపు నేనే వేశాను. మీ నాన్న దూరంగా నిలబడి చేతులు రెండూ వెనక్కి కట్టుకున్నాడు, ఎక్కడ వాటంతట అవే గుప్పెడు వేసేస్తాయో అని. వార్డెన్ గారికి ఒక చిన్న సంచీ పంపుతున్నాను. విప్పి చూసే అలవాటు ఉంది కనుక ఆవిడకి కష్టం ఉండదు.

ఇంక ఆపుతాను. ఇది మడతపెడుతుంటే మీ నాన్న వచ్చి కలం లాక్కున్నాడు. తన పెళ్ళి శుభలేఖల మీద పేర్లు కూడా నాతోనే రాయించుకున్న మనిషి. ఏం రాస్తాడో నాకు తెలియదు, చూడొద్దంటున్నాడు.

అత్త

అమ్మా బానూ, నాను నాన్నని. సరోజీ రాసింది అయిపోనాది. మీద ఇది నాది. యాపారానికి సదువెందుకన్నాను, తప్పు. నువ్వు నా సేతుల్ని సూసి ఎవుల్నీ నవ్వనివ్వనేదని సరోజీ సదివి సెప్పినాది. బాగా సదువు. ఎన్ని దేశాలెల్లినా తూకం సరిగ్గా సూడు, ఆనక మీద గుప్పెడెయ్యి. ఇది కొసరు, దీనికి కాయితంలో బరువు రాయక్కర్నేదు.